ఫ్లూయోక్సెటిన్, డెంటేట్ గైరస్, కొత్త నాడీకణాలు: ఒక ప్రాజెక్టు డైరీ

ప్రశ్నను కుదించుకున్న దశ

ఫ్లూయోక్సెటిన్ అనే కుంగుబాటు మందును వారాల తరబడి ఇచ్చినప్పుడు, ఎదిగిన చిట్టెలుక మెదడులో జ్ఞాపకానికి, భావోద్వేగాలకు సంబంధించిన హిప్పోక్యాంపస్‌లో ఒక భాగమైన డెంటేట్ గైరస్‌లో కొత్త కణాల సంఖ్య, వాటి ఎదుగుదల, వాటి చుట్టూ నడిచే సంకేతాలు ఏ వరసలో మారతాయో చూడటం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. మందు వల్ల కొత్త కణాలు పెరుగుతాయా అన్నదానికి ఇప్పటికే చాలావరకు జవాబు ఉంది. ఆ పెరుగుదలలో మందు ఏ మెట్టు దగ్గర చేయి వేస్తుందో తేలాలన్నది మా కోరిక.

పూర్వ చరిత్రను క్లుప్తంగా రాసుకుంటున్నాను. ఎదిగిన జంతువు మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయని జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ 1965లోనే ఎలుకల్లో చూపించినా, ఆ మాట శాస్త్రవేత్తల నమ్మకం సంపాదించడానికి దశాబ్దాలు పట్టింది. 2000లో రోనాల్డ్ డ్యూమన్ బృందం ఎలుకలకు వేర్వేరు తరగతుల కుంగుబాటు మందులను వారాల తరబడి ఇచ్చి, కొన్నింటికి విద్యుత్ మూర్ఛలు కూడా కలిగించి, హిప్పోక్యాంపస్‌లో కణవిభజన పెరిగిందని, కుంగుబాటు మందు కాని హాలోపెరిడాల్‌తో ఆ పెరుగుదల రాలేదని చూపించింది. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని రెనే హెన్ బృందం, చిట్టెలుకల హిప్పోక్యాంపస్‌కు ఎక్స్‌కిరణాలు తగిలేలా చేసి కొత్త కణాల పుట్టుకను ఆపివేస్తే ఫ్లూయోక్సెటిన్ ప్రవర్తనలో తెచ్చే మార్పు కూడా కనిపించకుండా పోతుందని నివేదించింది. ఆ వ్యాసం తర్వాతే కొత్త కణాల లెక్క ఈ రంగంలో ఒక కొలబద్ద అయింది.

అయితే కథ అంత నేరుగా నడవలేదు. 2008లో బాల్బ్-సీ జాతి చిట్టెలుకల్లో కొత్త కణాల పెరుగుదలతో ప్రమేయం లేకుండానే ఫ్లూయోక్సెటిన్ ప్రవర్తనను మారుస్తుందని తేలింది. 2009లో హెన్ బృందమే, మందు ప్రభావాల్లో కొన్ని కొత్త కణాల మీద ఆధారపడతాయని, మరికొన్ని ఆధారపడవని, రెండూ ఒకే జంతువులో పక్కపక్కనే ఉంటాయని చూపించింది. కాబట్టి కణాల సంఖ్య ఒక్కదాన్నే పట్టుకుని మందు పనిచేసే తీరును వివరించడం ఇప్పుడు ఎవరికీ సాధ్యం కాదు. సంఖ్య అనేది అంతకు ముందు జరిగిన సంకేతాల పర్యవసానమనీ, తర్వాత జరగబోయే అల్లికకు ముడిసరుకనీ నా అభిప్రాయం. ఈ మూడింటినీ ఒకే రూపకల్పనలో చూడకపోతే ఏది ముందో ఏది వెనకో తెలియదు.

రూపకల్పన

సీ57 నల్ల చిట్టెలుకలనే ఎంచుకున్నాం. జన్యుమార్పులు చేసిన జంతువుల్లో ఎక్కువ భాగం ఈ జాతి నేపథ్యంలోనే ఉండటం వల్ల, ముందుముందు ఆ జంతువులతో పోల్చుకోవడం తేలిక. ఈ జాతితో ఒక చిక్కు ఉంది: ఏ ఒత్తిడీ లేకుండా హాయిగా బోనులో పెరిగిన సీ57 చిట్టెలుకల మీద ఫ్లూయోక్సెటిన్ ప్రభావం నిలకడగా కనిపించదు. అందుకే నీటిలో కార్టికోస్టిరోన్ కలిపి ఇచ్చే పద్ధతిని తీసుకున్నాం. చిట్టెలుకలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కాదు, కార్టికోస్టిరోనే. మిల్లీలీటరుకు 35 మైక్రోగ్రాముల చొప్పున దాన్ని తాగునీటిలో కలిపి నాలుగు వారాలు ఇస్తే ఆందోళన, కుంగుబాటును పోలిన లక్షణాలు వస్తాయి, డెంటేట్ గైరస్‌లో కణవిభజన తగ్గుతుంది. కార్టికోస్టిరోన్ నీటిలో సరిగా కరగదు కనుక బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్‌ను తోడు ఇవ్వాలి. పోల్చి చూసే గుంపుకు ఉత్త నీళ్లు కాకుండా సైక్లోడెక్స్‌ట్రిన్ కలిపిన నీళ్లే ఇవ్వాలి.

నాలుగు ప్రధాన గుంపులు ఉన్నాయి: హార్మోనూ మందూ లేనిది, హార్మోను మాత్రమే ఇచ్చినది, మందు మాత్రమే ఇచ్చినది, రెండూ ఇచ్చినది. మందు మాత్రమే ఇచ్చే గుంపును వదిలేస్తే జంతువుల సంఖ్య తగ్గుతుందన్న సూచన వచ్చింది కానీ, దాన్ని వదిలేస్తే మందు ప్రభావం ఒత్తిడి ఉన్నప్పుడే వస్తుందా అన్న మాటే అడగలేం. నైతిక పరిశీలన సంఘానికి ఇచ్చిన దరఖాస్తులో ఈ వాదననే రాశాం, సంఘం అంగీకరించింది.

మగ, ఆడ చిట్టెలుకలు రెండూ ఉన్నాయి. బోనుల్లో పరుగుచక్రాలు లేవు. 1999లో హెన్రియెట్ వాన్ ప్రాగ్ బృందం చూపించినట్టు, పరుగుచక్రం అందుబాటులో ఉన్న చిట్టెలుకల్లో కొత్త కణాలు ఎంతగా పెరుగుతాయంటే, మందు తెచ్చే మార్పు అందులో మునిగిపోవచ్చు. వయసు విషయంలో కూడా పట్టుగా ఉన్నాం. వయసు పెరిగేకొద్దీ కొత్త కణాల పుట్టుక బాగా పడిపోతుంది, ముసలి చిట్టెలుకల్లో ఫ్లూయోక్సెటిన్ ఆ పుట్టుకను తిరిగి లేపలేకపోయిందని కూడా ప్రచురితమై ఉంది. కాబట్టి అన్నీ ఒకే ఈడు జంతువులు.

బీఆర్‌డీయూ ఎప్పుడు ఇవ్వాలన్న చర్చ

ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే, అలా జరగడం సమంజసమే. బీఆర్‌డీయూ అనేది థైమిడిన్‌ను పోలిన పదార్థం. కడుపులోకి సూదిమందుగా ఇస్తే మెదడులోకి చేరి, ఆ గంటల్లో డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటున్న కణాల్లో థైమిడిన్‌కు బదులుగా కుదురుకుంటుంది. ఏ రెండు గంటల్లోనో అది శరీరంలోంచి తొలగిపోతుంది కాబట్టి, ఆ కొద్ది వ్యవధిలో విభజనకు సిద్ధమవుతున్న కణాలకు మాత్రమే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఆ గుర్తు ఉన్న కణాలు చనిపోతే తప్ప, లేదా పదేపదే విభజన చెంది గుర్తు పలచబడితే తప్ప, వారాల తర్వాత కూడా వాటిని వెతికి పట్టుకోవచ్చు.

దీనివల్ల, బీఆర్‌డీయూ ఎప్పుడు ఇచ్చామన్నదే మనం ఏ ప్రశ్న అడుగుతున్నామో నిర్ణయిస్తుంది. మందు వారాల పాటు ఇచ్చాక, చివరలో బీఆర్‌డీయూ ఇచ్చి మర్నాడే మెదడు తీస్తే, తెలిసేది విభజన వేగం మాత్రమే. ఆ కణాల్లో ఎన్ని బతుకుతాయో, ఎన్ని నాడీకణాలవుతాయో దానివల్ల తెలియదు. ఆ అంకెను కొత్త నాడీకణాల సంఖ్యగా చెప్పడం విత్తనం చల్లిన మర్నాడే దిగుబడిని ప్రకటించడం వంటిది. అదే బీఆర్‌డీయూను మందుకన్నా ముందు ఇచ్చి, నాలుగు వారాల తర్వాత చూస్తే, మందు వల్ల ఎన్ని కణాలు బతికి బయటపడ్డాయో తెలుస్తుంది. ఎందుకంటే గుర్తు పడిన కణాలు మందు మొదలుకాక ముందు పుట్టినవే.

ఈ రెండో పద్ధతిలో కూడా ఒక గొయ్యి ఉంది. బీఆర్‌డీయూ ఇచ్చిన వెంటనే మందు మొదలుపెడితే, గుర్తు పడిన కణాలు ఇంకా కొన్నిసార్లు విభజన చెందుతుంటాయి కనుక, మందు ఆ విభజనలను పెంచినా తుది సంఖ్య పెరుగుతుంది, మనం దాన్ని బతుకుదలగా పొరబడతాం. ఇది కేవలం ఊహ కాదు. 2006లో గ్రిగోరి ఎనికొలొపోవ్ బృందం, ఫ్లూయోక్సెటిన్ అసలైన మూలకణాల మీద కాక, వాటి నుంచి పుట్టి వేగంగా సంఖ్య పెంచుకునే తొలి పూర్వకణాల మీద పనిచేస్తుందని చూపించింది. సరిగ్గా ఆ కణాలకే మన గుర్తు ఎక్కువగా పడుతుంది. అందువల్ల బీఆర్‌డీయూకూ మందుకూ మధ్య కొన్ని రోజుల విరామం ఇచ్చి, ఆ విభజనల అలజడి సద్దుమణిగిన తర్వాతే ఫ్లూయోక్సెటిన్ మొదలుపెట్టాం.

చివరలో గుర్తు వేసే గుంపులో మరో అనుమానం కూడా ఉంది. మందు కణచక్రంలో డీఎన్ఏ రెట్టింపయ్యే దశ నిడివిని మార్చినా, ఎక్కువ కణాలకు గుర్తు పడినట్టు కనిపిస్తుంది. దానికి విరుగుడుగా అదే జంతువుల్లో కేఐ-67 అనే ప్రొటీన్‌ను కూడా లెక్కిస్తున్నాం. విభజన చక్రంలో ఉన్న కణాల్లో మాత్రమే ఆ ప్రొటీన్ ఉంటుంది, సూదిమందుతో దానికి పని లేదు. రెండు లెక్కలూ ఒకే దిశలో కదిలితేనే విభజన పెరిగిందని రాస్తాం.

మందు నీళ్లలో

ఫ్లూయోక్సెటిన్‌ను రోజూ సూదితో ఇవ్వడం కన్నా నీటిలో ఇవ్వడమే మేలని నిర్ణయించాం. వారాల పాటు రోజూ పట్టుకుని పొడవడమే ఒక ఒత్తిడి, ఒత్తిడే మేము కొలుస్తున్న కణవిభజనను తగ్గిస్తుంది. కిలో బరువుకు రోజుకు 18 మిల్లీగ్రాములు మా లక్ష్యం. జంతువుల బరువు, సీసా బరువు రెండూ తూచి, ఎంత తాగాయో లెక్కకట్టి గాఢతను సరిచేస్తున్నాం. వెలుతురు తగలకుండా సీసాలకు రేకు చుట్టాం. ఒక బోనులో ఉన్న జంతువులన్నీ సమానంగా తాగుతాయన్న హామీ లేకపోవడం ఈ పద్ధతి లోపం; అందుకే చివరలో రక్తంలో మందునూ, దాని నుంచి ఏర్పడే నార్‌ఫ్లూయోక్సెటిన్‌నూ కొలిచేందుకు నమూనాలు దాచాం.

మనుషుల్లో ఈ మందు, ముఖ్యంగా దాని ఉత్పన్నం, శరీరంలో రోజుల తరబడి నిలుస్తుంది. చిట్టెలుకల్లో చాలా త్వరగా పోతుంది. మోతాదు అంకెలను మనుషుల మోతాదుతో నేరుగా పోల్చి ఆశ్చర్యపోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది.

ప్రవర్తన పరీక్ష

బలవంతపు ఈత పరీక్షను పెట్టలేదు. 1977లో పోర్సోల్ట్ ప్రవేశపెట్టిన ఆ పరీక్షలో ఒక్క మోతాదు మందుతోనే ఫలితం వస్తుంది. వారాలు పట్టే ప్రక్రియను కొలవాలనుకునే మాకు అది సరిపోదు. పైగా హెన్ బృందపు 2009 పనిలో ఆ పరీక్ష ఫలితం కొత్త కణాల మీద ఆధారపడలేదు.

మేము ఎంచుకున్నది కొత్తచోట తిండికి సంకోచించే పరీక్ష. ఒక రోజు పస్తు ఉంచిన చిట్టెలుకను వెలుగు ఎక్కువగా ఉన్న కొత్త పెట్టెలో వదిలి, మధ్యలో పెట్టిన మేతను కొరకడానికి ఎంతసేపు తీసుకుంటుందో కొలుస్తాం. ఆకలి, భయం ఒకదానితో ఒకటి పోటీపడే పరీక్ష ఇది. దీనిలో డయాజెపామ్ వంటి ఆందోళన మందులు వెంటనే పనిచేస్తాయి. ఫ్లూయోక్సెటిన్ మాత్రం వారాలు వాడితేనే పనిచేస్తుంది, కొత్త కణాలు లేకుండా చేస్తే పనిచేయదు. పెట్టెలోంచి తీసిన వెంటనే సొంత బోనులో ఎంత తింటుందో కూడా తూస్తాం, ఎందుకంటే ఫ్లూయోక్సెటిన్ వంటి, సెరటోనిన్ అనే నాడీ రసాయనాన్ని పెంచే మందులు ఆకలినే మార్చగలవు. మా గుంపుల్లో సొంత బోనులో తిండి తేడా పెద్దగా కనిపించలేదు. పెట్టెలో మాత్రం హార్మోను గుంపు ఆలస్యం చేసింది, హార్మోనుతో పాటు మందు తీసుకున్న గుంపు త్వరపడింది. ఇది మాకు ముందుకు వెళ్లడానికి అనుమతి వంటిదే తప్ప కొత్త విషయం కాదు.

ముక్కలు, రంగులు, లెక్క

మెదళ్లను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, 30 శాతం చక్కెర ద్రావణంలో మునిగేవరకు ఉంచి, 40 మైక్రాన్ల మందంతో కోస్తున్నాం. డెంటేట్ గైరస్ పొడవునా ప్రతి ఆరో ముక్కను తీసుకుని లెక్కించి, వచ్చినదాన్ని ఆరుతో హెచ్చిస్తాం. ముక్కల్లో అందంగా కనిపించిన నాలుగింటిని ఎంచుకుని సగటు తీయడం ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. దానికి ఏ విలువా లేదని నా అభిప్రాయం. డెంటేట్ గైరస్ ఆకారం ముందు నుంచి వెనక్కి వెళ్లేకొద్దీ మారిపోతుంది, ఏ ముక్కను ఎంచుకున్నామన్నదే ఫలితాన్ని తయారుచేయగలదు. పైభాగాన్ని, కిందిభాగాన్ని విడివిడిగా కూడా నమోదు చేస్తున్నాం. పైభాగం దారులు, చోట్ల జ్ఞాపకంతో ఎక్కువగా ముడిపడి ఉంటే, కిందిభాగం భావోద్వేగాలు, ఒత్తిడి స్పందనలతో ముడిపడి ఉంటుంది.

బీఆర్‌డీయూను యాంటీబాడీ పట్టుకోవాలంటే డీఎన్ఏ పోగులు విడిపోవాలి. దానికోసం ముక్కలను 37 డిగ్రీల వద్ద రెండు నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచుతాం. ఆ ఆమ్లం మిగతా ప్రొటీన్ల రూపాన్ని కూడా చెడగొట్టగలదు. అందుకే కణాల ఆకృతి చూడాల్సిన ముక్కలను ఆమ్లం దగ్గరికి పోనివ్వకుండా వేరే వరసగా పెట్టుకున్నాం.

ఏ స్లైడు ఏ గుంపుదో లెక్కించేవారికి తెలియకుండా మొత్తం స్లైడ్లకు సంకేత సంఖ్యలు వేసింది నేను కాదు, లెక్కించేది నేను. సంఖ్యలు విప్పిన తర్వాత చూస్తే, హార్మోను ఒక్కటే ఇచ్చిన గుంపులో విభజన తగ్గింది, మందు చేరిన గుంపులో అది తిరిగి లేచింది, కేఐ-67 కూడా అదే దిశలో కదిలింది. మందు మాత్రమే ఇచ్చిన గుంపు గురించి ధీమాగా ఏమీ చెప్పలేను. జంతువుకూ జంతువుకూ మధ్య తేడా గుంపుల మధ్య తేడా కన్నా ఎక్కువగా ఉంది. సీ57 జాతి గురించి ముందే తెలిసిన స్వభావానికి ఇది అనుగుణంగానే ఉంది.

ఎదుగుదల

డబుల్‌కార్టిన్ అనే ప్రొటీన్ కొత్త నాడీకణాల్లో మొదటి మూడు, నాలుగు వారాలు మాత్రమే ఉండి తర్వాత మాయమవుతుంది. అది కణదేహంలోనే కాక కొమ్మల్లో కూడా నిండి ఉంటుంది కాబట్టి, డబుల్‌కార్టిన్‌కు రంగు వేస్తే పసి కణాల కొమ్మల విస్తరణ మొత్తం కళ్ల ముందు ఉంటుంది. 2008లో హెన్ బృందం, వారాల తరబడి ఫ్లూయోక్సెటిన్ ఇచ్చిన చిట్టెలుకల్లో మూడో తరం కొమ్మలు (కొమ్మల కొమ్మల నుంచి చీలినవి) ఉన్న డబుల్‌కార్టిన్ కణాల వాటా పెరిగిందని, అంటే కణాలు త్వరగా ఎదుగుతున్నాయని చూపించింది. మేము అదే కొలతను తీసుకుని, దానికి షోల్ విశ్లేషణను జోడించాం. కణదేహం చుట్టూ సమాన దూరాల్లో వలయాలు గీసి, ఒక్కో వలయాన్ని ఎన్ని కొమ్మలు దాటాయో లెక్కించే పద్ధతి అది. దీనికి కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని దగ్గర గంటల తరబడి కూర్చోవాలి, కొమ్మలు ఒకదానిమీద ఒకటి పడిన చోట కణాన్ని వదిలేయాలి. వదిలేసే నియమాన్ని ముందే రాసుకోకపోతే, చేయి తెలియకుండానే అందమైన కణాల వైపు వెళుతుంది.

రెట్రోవైరస్‌తో పచ్చని వెలుగు ప్రొటీన్‌ను విభజన చెందుతున్న కణాల్లోకి పంపే పద్ధతి ఇంతకన్నా శుభ్రమైనది, ఎందుకంటే దానిలో ప్రతి కణం పుట్టిన రోజు తెలుస్తుంది. దానికి పుర్రెకు రంధ్రం చేసి సూది దింపాలి, ఆ గాయం వల్ల వచ్చే వాపు కూడా కొత్త కణాల బతుకును దెబ్బతీస్తుంది. ఈ విడతకు వద్దనుకున్నాం.

మాకు కనిపించిన ధోరణి ఇలా ఉంది: హార్మోనుతో పాటు మందు తీసుకున్న జంతువుల్లో డబుల్‌కార్టిన్ కణాల మొత్తం సంఖ్య పెరిగిన మేర కన్నా, మూడో తరం కొమ్మలున్న కణాల వాటా పెరిగిన మేర స్పష్టంగా ఉంది. మందు ముందు నుంచే గుర్తు పడిన కణాల్లో బతికినవాటి లెక్క ఇంకా పూర్తికాలేదు. అది కూడా పెరిగితే, విభజన, బతుకుదల, ఎదుగుదల మూడింటినీ మందు తాకుతోందని అనవచ్చు. పెరగకపోతే, పుట్టినవాటిలో ఎక్కువ కణాలు బతకడం కాక, బతికినవే వేగంగా ఎదగడం ముఖ్యమని అనాలి.

ఇక్కడ ఒక ఎదురుగాలిని దాచకూడదు. 2010లో కొబయాషి, మియకావా తదితరులు, ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం ఫ్లూయోక్సెటిన్ ఇచ్చిన చిట్టెలుకల్లో, అప్పటికే ఎదిగి ఉన్న డెంటేట్ గైరస్ కణాలు పసితనపు లక్షణాల వైపు వెనక్కి వెళతాయని చూపించారు. ఎదిగిన కణాల గుర్తు అయిన కాల్‌బిండిన్ అక్కడ తగ్గింది. పసివి త్వరగా ఎదగడం, పెద్దవి వెనక్కి మళ్లడం ఒకే మెదడు భాగంలో, ఒకే మందుతో ఎలా జరుగుతాయన్నది చదివినప్పుడల్లా నన్ను ఆపేస్తుంది. రెండూ విరుద్ధం కానవసరం లేదు. మొత్తం వలయం మరింత సరళంగా, మార్పుకు లొంగేదిగా తయారవుతోందంటే రెండూ అందులో ఇముడుతాయి. కానీ మా కొలతలో డబుల్‌కార్టిన్ ఒక్కటే ఉంటే, కథలో సగం మాత్రమే కనిపిస్తుంది. అందుకే దాచిన వరసల్లో ఒకదానిని కాల్‌బిండిన్ కోసం కేటాయించాం. తొలి స్లైడ్లలో కాల్‌బిండిన్ తగ్గుదల మాకు కొట్టవచ్చినట్టు కనిపించలేదు. మా మోతాదుకూ, వాళ్ల పరిస్థితులకూ ఉన్న తేడా దీనికి కారణం కావచ్చు.

సంకేతాలు: అణువుల స్థాయిలో

మందు తాగిన మొదటి గంటల్లోనే సెరటోనిన్ సినాప్స్‌లో, అంటే నాడీకణాల మధ్య సంధిలో, పెరుగుతుంది. ఉపశమనానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో ఏం జరుగుతోందన్నదానికి పాత జవాబు, సెరటోనిన్ కణాలుండే రాఫే కేంద్రకాల్లోని 5-హెచ్‌టీ1ఏ అనే సెరటోనిన్ స్వీయగ్రాహకాలు మొదట సెరటోనిన్ కణాల వేగాన్ని తగ్గిస్తాయని, వారాల తర్వాత ఆ గ్రాహకాలు మొద్దుబారితే అడ్డు తొలగుతుందని. అదే 5-హెచ్‌టీ1ఏ గ్రాహకం డెంటేట్ గైరస్‌లో కూడా ఉంది. 2015లో హెన్ బృందమే చూపించిన విషయం నాకు ఆసక్తికరం: అక్కడి ఎదిగిన కణాల మీద ఆ గ్రాహకం లేకపోతే మందుకు స్పందన దెబ్బతింటుంది. అంటే పసి కణాలకు అందే పిలుపు వాటి పక్కనున్న పెద్ద కణాల నుంచి, బహుశా పెరుగుదల కారకాల రూపంలో, వస్తుండవచ్చు.

ఆ కారకాల్లో ముఖ్యమైనది బీడీఎన్ఎఫ్. దీర్ఘకాలపు మందులతో హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్ఎఫ్, దాని గ్రాహకం ట్రాక్‌బీ రెండింటి సందేశ ఆర్‌ఎన్ఏ పెరుగుతుందని 1995లోనే డ్యూమన్ బృందం ఎలుకల్లో నివేదించింది. 2008లో, నాడీ పూర్వకణాల్లోంచి ట్రాక్‌బీని తొలగించిన చిట్టెలుకల్లో మందు వల్ల కొత్త కణాలూ పెరగలేదు, ప్రవర్తన కూడా మారలేదు. 2021లో ఈరో కాస్త్రేన్ బృందం ఇంకా సాహసమైన మాట చెప్పింది: ఫ్లూయోక్సెటిన్, ఇమిప్రమిన్, కెటమిన్ వంటి ఒకదానితో ఒకటి పోలికలేని మందులు ట్రాక్‌బీ పొరను దాటే భాగానికే నేరుగా అతుక్కుంటాయని. ఆ అతుకు బలహీనమైనది, మైక్రోమోలార్ గాఢతల్లో జరిగేది. వారాల వాడకంతో మందు మెదడులో ఆ స్థాయికి పేరుకోవాలి కనుక ఆలస్యానికి అది ఒక వివరణ కాగలదు. ఈ వాదన నచ్చింది కానీ, సెరటోనిన్ పాత్రను పూర్తిగా పక్కకు నెట్టే ఉత్సాహం నాకు లేదు.

మా భాగం చిన్నది. మందు మొదలైన తొలి రోజున, వారం చివర, నాలుగు వారాలకు డెంటేట్ గైరస్‌ను విడిగా కోసి తీసి, ప్రొటీన్లను వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో ట్రాక్‌బీ మీద రెండు చోట్ల ఫాస్ఫేటు చేరికను చూస్తున్నాం. 816వ స్థానం ఫాస్ఫోలైపేజ్ సీ-గామా దారికి, 515వ స్థానం షిక్ ప్రొటీన్ ద్వారా ఎర్క్ దారికి తలుపులు. కుంగుబాటు మందులు త్వరగా తెరిచేది మొదటి తలుపునే, రెండోదాన్ని కాదు, అని కాస్త్రేన్ బృందపు పాత పనులు చూపించాయి. వాటితో పాటు క్రెబ్ అనే ప్రొటీన్ 133వ సెరీన్ మీద ఫాస్ఫేటును కూడా కొలుస్తున్నాం.

ఈ పనిలో మత్తుమందు పెద్ద అడ్డంకి. ఐసోఫ్లూరేన్ మత్తు దానంతటదే చిట్టెలుక హిప్పోక్యాంపస్‌లో ట్రాక్‌బీని ఉత్తేజపరుస్తుందని 2017లో ప్రచురితమైంది. మేము కొలవదలచినదాన్ని మత్తే సృష్టిస్తే కొలత వృథా. కాబట్టి ఈ గుంపు జంతువులకు ఐసోఫ్లూరేన్ వాడలేదు. ఆమోదం పొందిన, మత్తు ప్రమేయం లేని వేగవంతమైన పద్ధతిని అనుసరించి, మెదడును వెంటనే మంచు మీదికి చేర్చాం. ఫాస్ఫేటు గుర్తులు నిమిషాల్లో చెరిగిపోతాయి కనుక ఒకరు కోస్తుంటే ఒకరు గడియారం చూస్తూ నమోదు చేయాల్సి వచ్చింది.

రక్తంలో బీడీఎన్ఎఫ్ కొలవవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మనుషుల్లో, ఎలుకల్లో రక్తఫలకికలు బీడీఎన్ఎఫ్‌ను మోస్తాయి, చిట్టెలుక రక్తఫలకికల్లో అది దాదాపు ఉండదు. చిట్టెలుక రక్తంలో బీడీఎన్ఎఫ్ పెరిగిందని చెప్పే ఎలైసా (యాంటీబాడీతో ప్రొటీన్‌ను కొలిచే కిట్) ఫలితాన్ని చూస్తే, ఆ కిట్ దేన్ని కొలుస్తోందని అడగడం నాకు అలవాటైంది.

సంకేతాలు: సినాప్స్ స్థాయిలో

చివరి అంకం విద్యుత్ కొలతలు. చిట్టెలుక మెదడును 400 మైక్రాన్ల ముక్కలుగా కోసి, కృత్రిమ మెదడు ద్రవంలో బతికించి, డెంటేట్ గైరస్‌కు సంకేతాలు తెచ్చే నాడీతంతువుల కట్ట అయిన పర్ఫోరెంట్ దారిలో మధ్య పాయను ప్రేరేపించి, డెంటేట్ గైరస్ స్పందనను నమోదు చేస్తున్నాం. ఎలక్ట్రోడు మధ్య దారిలోనే ఉందని నిర్ధారించుకోవడానికి జంట ప్రేరణలు ఇస్తాం. వెంటవెంటనే రెండు ప్రేరణలిస్తే మధ్య దారిలో రెండో స్పందన తగ్గుతుంది, పక్క దారిలో పెరుగుతుంది.

ఎల్‌టీపీ అనే, సినాప్స్‌ల దీర్ఘకాల బలపాటును సాధారణంగా గాబా (నాడీకణాలను అణిచే రసాయనం) నిరోధం తొలగించే మందు వేసి కొలుస్తారు. ఇక్కడ ఆ మందు వేయకపోవడమే కిటుకు. ఎదిగిన డెంటేట్ కణాలు గాబా అదుపులో గట్టిగా ఉంటాయి, వాటిలో బలపాటు తేలికగా రాదు. నాలుగు నుంచి ఆరు వారాల ప్రాయంలో ఉన్న పసి కణాల మీద ఆ అదుపు తక్కువ, బలపాటుకు అవసరమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాల్లో ఎన్‌ఆర్2బీ ఉపభాగం పాలు ఎక్కువ. అందుకే గాబా మందు లేకుండా వచ్చే బలపాటు చాలావరకు వాటిదే. ఎక్స్‌కిరణాలతో కొత్త కణాలను తీసేస్తే అది పోతుంది, ఎన్‌ఆర్2బీని అడ్డుకునే ఐఫెన్‌ప్రొడిల్ వేసినా పోతుంది, వారాల తరబడి ఫ్లూయోక్సెటిన్ ఇస్తే పెరుగుతుంది. లెక్కించిన కణాలు నిజంగా వలయంలో పనిచేస్తున్నాయా అన్న ప్రశ్నకు దీనికన్నా సూటి కొలత మా దగ్గర లేదు.

ప్రస్తుతానికి నియంత్రణ గుంపుల్లో ఈ బలపాటు నిలకడగా వస్తోంది, ఐఫెన్‌ప్రొడిల్‌తో అణగిపోతోంది. హార్మోను, మందు గుంపుల ముక్కలు నమోదవుతున్నాయి. సంకేత సంఖ్యలు ఇంకా విప్పలేదు కనుక వాటి గురించి ఏమీ రాయను.

ఇప్పుడు ఎక్కడున్నాం

విభజన లెక్క పూర్తయింది, కొమ్మల లెక్క చివరకు వచ్చింది, బతుకుదల లెక్క సగంలో ఉంది. బ్లాట్లలో తొలి రోజు నమూనాల్లో 816వ స్థానం సంకేతం మందు గుంపులో ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తోంది, 515వ స్థానంలో అలాంటిదేమీ లేదు. నాలుగు వారాల నమూనాలు అదే జెల్‌లో పక్కపక్కనే పరిగెత్తించేవరకు వరస గురించి తీర్పు చెప్పడం తొందరపాటు.

మనుషుల మాట అడిగేవారికి ఒక్కటే చెబుతున్నాను. ఎదిగిన మనిషి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పుడతాయా అన్న విషయంలో 2018లో వచ్చిన రెండు ముఖ్యమైన పనుల్లో ఒకటి పుట్టుక గుర్తించలేనంతగా పడిపోతుందని, మరొకటి ముసలితనం దాకా కొనసాగుతుందని చెప్పాయి. చిట్టెలుకలో మేము చూసేది ఎవరి చికిత్సనూ మార్చే సలహా కాదు.

తర్వాతి విడతలో కెటమిన్ గుంపును చేరుస్తున్నాం. కిలోకు 10 మిల్లీగ్రాముల ఒక్క మోతాదుతో గంటల్లోనే ప్రవర్తన మారుతుంది. అంత తక్కువ సమయంలో కొత్త కణం పుట్టి, ఎదిగి, వలయంలో చేరడం అసాధ్యం. కెటమిన్ తర్వాత కూడా 816వ స్థానం ముందుగా వెలిగి, కణాల సంఖ్య కదలకుండా ఉంటే, ఫ్లూయోక్సెటిన్‌లో మేము లెక్కిస్తున్న కణాలు ఆ సంకేతపు ఆలస్యపు ఫలమని అనడానికి ఆధారం దొరుకుతుంది. కెటమిన్ గుంపుకు కూడా ఐసోఫ్లూరేన్ ఉండదు, సూది పట్టుకునే అలవాటు కోసం జంతువులను ముందునుంచే చేతిలోకి తీసుకుంటున్నాం, సెలైన్ ఇచ్చే గుంపును కూడా అదే రోజు, అదే చేతితో నడుపుతాం.